తుల్యమైన ప్రతి సమీకరణమూ జరిగే చర్య కాదు: ఆమ్ల యానకంలో అర్ధచర్యల పద్ధతి – వెలిగండ్ల ప్రాంత ఫ్లోరైడ్ నీటి సందర్భం

వ్యాససంగ్రహం

ఆక్సీకరణ-క్షయకరణ సమీకరణాలను ఆమ్ల యానకంలో తుల్యం చేయడం ఇంటర్మీడియట్ నుంచి స్నాతకోత్తర స్థాయి వరకు బోధించే అంశం. తరగతి గదిలో ఇది చాలాసార్లు అంకెలు సరిపెట్టే అభ్యాసంగానే ముగుస్తుంది. సమీకరణం తుల్యం కావడం, అది సరైన నిష్పత్తిని చూపడం, ఆ చర్య వాస్తవంగా జరగడం అనేవి మూడు వేర్వేరు విషయాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పర్మాంగనేట్-ఫెర్రస్, పర్మాంగనేట్-హైడ్రోజన్ పెరాక్సైడ్ చర్యలను ఉదాహరణలుగా తీసుకొని, పశ్చిమ ప్రకాశంలోని వెలిగండ్ల పరిసరాల్లో తాగునీటి సమస్యగా ఉన్న ఫ్లోరైడ్‌కు ఈ మూడు పరీక్షలనూ అన్వయిస్తుంది.

కీలక పదాలు: అర్ధచర్య, ఆమ్ల యానకం, అయాన్-ఎలక్ట్రాన్ పద్ధతి, ప్రమాణ క్షయకరణ పొటెన్షియల్, ఫ్లోరైడ్, వెలిగండ్ల.

1. ఉపోద్ఘాతం

పశ్చిమ ప్రకాశంగా పిలిచే వెలిగండ్ల, కనిగిరి, పామూరు ప్రాంతాల ప్రజలకు ఫ్లోరైడ్ అనే మాట పాఠ్యపుస్తకం ద్వారా పరిచయమైనది కాదు. గారపట్టిన పళ్లు, వంగిన నడుములు, బిగిసిన కీళ్లు ఆ మాటను ముందే ఇళ్లలోకి తెచ్చాయి. భారతదేశంలో స్థానిక ఫ్లోరోసిస్ వ్యాధిని వివరించిన తొలి వైద్య నివేదిక కూడా ఈ భూభాగానికి సంబంధించినదే. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో నాటి నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధిని వివరించారు. కనిగిరి, పొదిలి తాలూకాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి అందులో చేరాయి.

ఇటువంటి ఊరి నుంచి కళాశాలకు వచ్చే విద్యార్థి రసాయనశాస్త్ర పాఠంలో పొటాషియం పర్మాంగనేట్ బలమైన ఆక్సీకరణి అని నేర్చుకుంటాడు. బ్లీచింగ్ పౌడరు ఆక్సీకరణం ద్వారానే క్రిములను చంపుతుందనీ వింటాడు. అప్పుడు సహజంగానే ఒక ప్రశ్న పుడుతుంది: ఈ ఆక్సీకరణులలో ఏదో ఒకటి వేసి నీటిలోని ఫ్లోరైడ్‌ను పోగొట్టలేమా? ప్రశ్న సరైనదే. దానికి సమాధానం చెప్పవలసింది కూడా ఆ పాఠమే. కాని సమీకరణాన్ని తుల్యం చేయడంతోనే పాఠం ఆగిపోతే సమాధానం తప్పుగా వస్తుంది. ఎందుకో కింది విభాగాలలో పరిశీలిద్దాం.

ఈ వ్యాసంలో సమీకరణాలను చిహ్నాలతో కాక అయాన్ల పేర్లతో ఇస్తున్నాం. ఒక్కొక్క సమీకరణాన్ని వాక్యంలా చదివినప్పుడు అందులో ఏది ఎటు కదిలిందో స్పష్టంగా తెలుస్తుంది.

2. అర్ధచర్యను నిర్మించే క్రమం

ఎలక్ట్రాన్లను కోల్పోవడం ఆక్సీకరణం, గ్రహించడం క్షయకరణం. ఒకటి లేకుండా రెండవది జరగదు. అయినా కాగితం మీద వాటిని విడదీసి రాయవచ్చు. ఆ ముక్కలే అర్ధచర్యలు. ఈ అయాన్-ఎలక్ట్రాన్ పద్ధతిని 1927లో జెట్, లామర్ అనే అమెరికా అధ్యాపకులు రసాయనశాస్త్ర బోధనకు అనువుగా వివరించారు.

ప్రయోగశాలలో చిరపరిచితమైన చర్యను తీసుకుందాం. మోర్ లవణ ద్రావణాన్ని సజల సల్ఫ్యూరికామ్ల సమక్షంలో పర్మాంగనేట్‌తో అంశమాపనం చేస్తాం. ఇందులో పర్మాంగనేట్ అయాన్ మాంగనస్ అయాన్‌గానూ, ఫెర్రస్ అయాన్ ఫెర్రిక్ అయాన్‌గానూ మారతాయి.

పర్మాంగనేట్ అయాన్‌లో ఒక మాంగనీస్ పరమాణువు, నాలుగు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. దాని ఆవేశం −1. మాంగనస్ అయాన్ ఆవేశం +2. మాంగనీస్ రెండు వైపులా ఒక్కటే కనుక అక్కడ చేయవలసింది లేదు. ఎడమవైపు ఉన్న నాలుగు ఆక్సిజన్లకు కుడివైపు నాలుగు నీటి అణువులు చేర్చాలి. ఆ నీటిలోని ఎనిమిది హైడ్రోజన్లకు ఎడమవైపు ఎనిమిది హైడ్రోజన్ అయాన్లు చేర్చాలి. ఇప్పుడు ఎడమవైపు మొత్తం ఆవేశం +7, కుడివైపు +2. ఈ తేడాను పూడ్చడానికి ఎడమవైపు ఐదు ఎలక్ట్రాన్లు కావాలి.

పర్మాంగనేట్ + 8 హైడ్రోజన్ అయాన్లు + 5 ఎలక్ట్రాన్లు → మాంగనస్ అయాన్ + 4 నీటి అణువులు

రెండవ అర్ధచర్య సులభమైనది.

ఫెర్రస్ అయాన్ → ఫెర్రిక్ అయాన్ + 1 ఎలక్ట్రాన్

మొదటి దానిలో ఐదు ఎలక్ట్రాన్లు, రెండవ దానిలో ఒకటి ఉన్నాయి. కనుక రెండవ దానిని ఐదుతో గుణించి కూడితే ఎలక్ట్రాన్లు రద్దవుతాయి.

పర్మాంగనేట్ + 5 ఫెర్రస్ అయాన్లు + 8 హైడ్రోజన్ అయాన్లు → మాంగనస్ అయాన్ + 5 ఫెర్రిక్ అయాన్లు + 4 నీటి అణువులు

ఆవేశాన్ని సరిచూస్తే ఎడమవైపు −1 + 10 + 8 = +17; కుడివైపు 2 + 15 = +17. పరమాణువులను సరిచూసి ఆవేశాన్ని వదిలేయడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. ఆవేశం సరిపోని అయానిక సమీకరణంలో పరమాణువులన్నీ సరిపోయినా అది తుల్య సమీకరణం కాదు.

ఈ క్రమంలో ఎక్కడా ఆక్సీకరణ సంఖ్యను వాడలేదని గమనించాలి. మాంగనీస్ ఆక్సీకరణ సంఖ్య +7 నుంచి +2కు తగ్గిందన్న లెక్క కూడా ఐదు ఎలక్ట్రాన్లనే ఇస్తుంది. అది ఈ పద్ధతికి స్వతంత్రమైన తనిఖీగా ఉపయోగపడుతుంది. నియమం ప్రకారం కేటాయించిన సంఖ్య కనుక ఆక్సీకరణ సంఖ్యను ద్రావణంలో నేరుగా కొలవలేం. అయాన్ల ఆవేశాలు మాత్రం ద్రావణంలో నిజంగా ఉన్నవి.

3. హైడ్రోజన్ అయాన్లు ఎందుకు వచ్చాయి?

"ఆక్సిజన్ తక్కువైన వైపు నీరు, హైడ్రోజన్ తక్కువైన వైపు హైడ్రోజన్ అయాన్" అనే సూత్రాన్ని విద్యార్థులు కంఠస్థం చేస్తారు. కారణం తెలియకపోతే అది ఇష్టం వచ్చినట్లు అంకెలు చేర్చే అనుమతిలా కనిపిస్తుంది. నిజానికి మాంగనీస్‌ను విడిచిన ఆక్సిజన్ ఆక్సైడ్ అయాన్‌గా నీటిలో నిలవలేదు. ఆమ్ల ద్రావణంలో అది రెండు హైడ్రోజన్ అయాన్లను గ్రహించి నీరుగా మారుతుంది. అంటే సూత్రం చేర్చమన్నవి ఆ ద్రావణంలో సమృద్ధిగా ఉన్న పదార్థాలనే. క్షార యానకంలో హైడ్రోజన్ అయాన్‌ను మిగల్చకపోవడానికి కారణమూ ఇదే. అక్కడ అది లెక్కించదగిన పరిమాణంలో లేదు.

ఎనిమిది హైడ్రోజన్ అయాన్లకు భౌతికమైన పర్యవసానం కూడా ఉంది. పర్మాంగనేట్-మాంగనస్ జంట ప్రమాణ క్షయకరణ పొటెన్షియల్ +1.51 వోల్టులు. నెర్న్‌స్ట్ సమీకరణం ప్రకారం 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పీహెచ్ ఒక యూనిట్ పెరిగినప్పుడల్లా ఈ విలువ 0.0592 × 8 ÷ 5, అంటే దాదాపు 0.095 వోల్టులు తగ్గుతుంది. మిగిలిన గాఢతలు ప్రమాణ స్థితిలో ఉన్నాయనుకుంటే పీహెచ్ 7 వద్ద అది సుమారు 0.85 వోల్టులకు చేరుతుంది. ఆమ్లం చాలని సందర్భంలో చర్య దారి కూడా మారుతుంది.

పర్మాంగనేట్ + 4 హైడ్రోజన్ అయాన్లు + 3 ఎలక్ట్రాన్లు → మాంగనీస్ డయాక్సైడ్ + 2 నీటి అణువులు

శంఖాకార కూజాలో గోధుమరంగు మసక కనిపించిందంటే ఐదు ఎలక్ట్రాన్ల అర్ధచర్యలోకి మూడు ఎలక్ట్రాన్ల అర్ధచర్య చొరబడిందని అర్థం. అటువంటి అంశమాపనంలో ఒకటికి ఐదు నిష్పత్తితో వేసిన లెక్క చెల్లదు.

ఏ ఆమ్లాన్ని వాడాలన్నది కూడా అర్ధచర్యలే చెబుతాయి. క్లోరిన్-క్లోరైడ్ జంట పొటెన్షియల్ +1.36 వోల్టులు; పర్మాంగనేట్‌ది దానికంటే 0.15 వోల్టులు ఎక్కువ. హైడ్రోక్లోరికామ్లం వాడితే కొంత పర్మాంగనేట్ క్లోరైడ్‌ను ఆక్సీకరించడంలో ఖర్చయిపోతుంది. నత్రికామ్లం తానే ఆక్సీకరణి. సజల సల్ఫ్యూరికామ్లంలో ఈ రెండు దోషాలూ ఉండవు.

4. నాలుగు తుల్య సమీకరణాలు, ఒకే సరైన నిష్పత్తి

ఆమ్ల యానకంలో పర్మాంగనేట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ చర్య జరిపి మాంగనస్ అయాన్‌ను, ఆక్సిజన్‌ను, నీటిని ఇస్తాయి. అర్ధచర్యలు లేకుండా, కేవలం పరమాణువులను, ఆవేశాలను సరిపెట్టే బీజగణిత పద్ధతితో ఈ సమీకరణాన్ని సాధిస్తే కింది నాలుగూ వస్తాయి.

(అ) 2 పర్మాంగనేట్ + 1 పెరాక్సైడ్ + 6 హైడ్రోజన్ అయాన్లు → 2 మాంగనస్ + 3 ఆక్సిజన్ అణువులు + 4 నీటి అణువులు

(ఆ) 2 పర్మాంగనేట్ + 3 పెరాక్సైడ్ + 6 హైడ్రోజన్ అయాన్లు → 2 మాంగనస్ + 4 ఆక్సిజన్ అణువులు + 6 నీటి అణువులు

(ఇ) 2 పర్మాంగనేట్ + 5 పెరాక్సైడ్ + 6 హైడ్రోజన్ అయాన్లు → 2 మాంగనస్ + 5 ఆక్సిజన్ అణువులు + 8 నీటి అణువులు

(ఈ) 2 పర్మాంగనేట్ + 7 పెరాక్సైడ్ + 6 హైడ్రోజన్ అయాన్లు → 2 మాంగనస్ + 6 ఆక్సిజన్ అణువులు + 10 నీటి అణువులు

నాలుగింటిలోనూ పరమాణువులు, ఆవేశాలు సరిపోతాయి. ఇలాంటివి ఇంకా ఎన్నైనా రాయవచ్చు. రెండు పెరాక్సైడ్ అణువులు వాటంతట అవే రెండు నీటి అణువులుగా, ఒక ఆక్సిజన్ అణువుగా విఘటనం చెందే మరొక తుల్య చర్య ఉండటమే దీనికి కారణం. దానిని ఎన్నిసార్లు కూడినా, తీసివేసినా మొత్తం తుల్యంగానే ఉంటుంది. పరమాణువుల లెక్క ఒక్కటే ఈ కలగాపులగాన్ని విడదీయలేదు.

అర్ధచర్యలు విడదీస్తాయి. పెరాక్సైడ్ ఆక్సీకరణ అర్ధచర్య ఇది:

పెరాక్సైడ్ → ఆక్సిజన్ అణువు + 2 హైడ్రోజన్ అయాన్లు + 2 ఎలక్ట్రాన్లు

దీనిని ఐదుతో, పర్మాంగనేట్ అర్ధచర్యను రెండుతో గుణించి కూడితే పది ఎలక్ట్రాన్లు రద్దవుతాయి. పదహారు హైడ్రోజన్ అయాన్లలో పది పోయి ఆరు మిగులుతాయి. వచ్చేది (ఇ) మాత్రమే. పద్ధతి తనంతట తానే ఈ తీర్పు ఇవ్వలేదు. విడుదలయ్యే ఆక్సిజన్ అంతా పెరాక్సైడ్ నుంచే వస్తుందన్న రసాయన నిర్ణయాన్ని అర్ధచర్య రాసినప్పుడే మనం అందులో చేర్చాం. ఆ నిర్ణయానికి ప్రయోగ సాక్ష్యం ఉంది. 1952లో కాహిల్, టౌబే భార ఆక్సిజన్ ఐసోటోపును ఉపయోగించి, పెరాక్సైడ్ ఆక్సీకరణంలో వెలువడే ఆక్సిజన్ అణువులోని రెండు పరమాణువులూ ఒకే పెరాక్సైడ్ అణువు నుంచి వస్తాయని చూపారు.

తప్పు నిష్పత్తి ఖరీదు ఎంతో చూద్దాం. 0.02 మోలార్ పర్మాంగనేట్ 20 మిల్లీలీటర్లు ఖర్చయిందనుకుంటే అందులో 0.4 మిల్లీమోళ్లు ఉన్నాయి. (ఇ) ప్రకారం పెరాక్సైడ్ 1.0 మిల్లీమోల్. (ఆ) ప్రకారం 0.6. (అ) ప్రకారం 0.2. తుల్య సమీకరణమే కదా అని (ఆ)ను వాడినవారి ఫలితంలో 40 శాతం లోపిస్తుంది.

5. వెలిగండ్ల నీటికి అన్వయం

ఇప్పుడు ఉపోద్ఘాతంలోని ప్రశ్నకు రావచ్చు. బలమైన ఆమ్లంలో ఫ్లోరైడ్ అధికంగా హైడ్రోజన్ ఫ్లోరైడ్ రూపంలో ఉంటుంది. అది బలహీన ఆమ్లం కనుక పూర్తిగా అయనీకరణం చెందదు. ఆమ్ల యానకంలో అర్ధచర్య రాసేటప్పుడు ఆ యానకంలో నిజంగా ఉన్న రూపాన్నే తీసుకోవాలి.

2 హైడ్రోజన్ ఫ్లోరైడ్ → ఫ్లోరిన్ అణువు + 2 హైడ్రోజన్ అయాన్లు + 2 ఎలక్ట్రాన్లు

దీనిని ఐదుతో గుణించి, రెండు పర్మాంగనేట్ అర్ధచర్యలతో కూడితే:

2 పర్మాంగనేట్ + 10 హైడ్రోజన్ ఫ్లోరైడ్ + 6 హైడ్రోజన్ అయాన్లు → 2 మాంగనస్ + 5 ఫ్లోరిన్ అణువులు + 8 నీటి అణువులు

ఎడమవైపు ఆవేశం +4, కుడివైపు +4. హైడ్రోజన్లు అటు పదహారు, ఇటు పదహారు. పరీక్షాపత్రంలో ఈ సమీకరణానికి పూర్తి మార్కులు వస్తాయి. నీటిలో మాత్రం ఈ చర్య జరగదు. ఆమ్ల యానకంలో ఫ్లోరిన్-హైడ్రోజన్ ఫ్లోరైడ్ జంట ప్రమాణ క్షయకరణ పొటెన్షియల్ +3.05 వోల్టులు. కనుక చర్య పొటెన్షియల్ 1.51 − 3.05 = −1.54 వోల్టులు. పది ఎలక్ట్రాన్లకు సమతాస్థితి స్థిరాంకాన్ని లెక్కిస్తే దాని సంవర్గమానం సుమారు −260. పీడనాన్నో గాఢతనో మార్చి దాటగలిగిన అడ్డంకి కాదిది.

బోరు నీటికి వర్తించేలా, తటస్థ స్థితికి దగ్గరగా ఫ్లోరైడ్ అయాన్‌గానే తీసుకున్నా ఆ జంట విలువ +2.87 వోల్టులు. బ్లీచింగ్ పౌడరు నీటిలో ఇచ్చే హైపోక్లోరస్ ఆమ్లం ప్రమాణ పొటెన్షియల్ సుమారు +1.48, ఓజోన్‌ది దాదాపు +2.08. ఏదీ ఫ్లోరైడ్‌ను చేరదు. పైగా ఆక్సిజన్-నీరు జంట విలువ +1.23 మాత్రమే. ఏదో విధంగా నీటిలో ఫ్లోరిన్ పుట్టినా అది వెంటనే నీటిని ఆక్సీకరించి తిరిగి ఫ్లోరైడ్‌గా మారుతుంది. 1886లో మొయిసాన్ ఫ్లోరిన్‌ను తొలిసారిగా వేరుచేసినప్పుడు నీరు లేని హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను విద్యుద్విశ్లేషణ చేయవలసి రావడానికి కారణం ఇదే.

దీని నుంచి వచ్చే నిర్ధారణ గ్రామస్థాయిలో చాలా ముఖ్యమైనది. క్లోరినేషన్ చేసిన నీరు క్రిముల విషయంలో సురక్షితం కావచ్చు. దానిలోని ఫ్లోరైడ్ మాత్రం ఉన్నంతా ఉంటుంది. కాచితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ గాఢత కొంత పెరుగుతుందే గాని తగ్గదు. తాగునీటి భారతీయ ప్రమాణం ఫ్లోరైడ్‌కు లీటరుకు 1.0 మిల్లీగ్రామును ఆమోదనీయ పరిమితిగా, వేరే ఆధారం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగా పేర్కొంటుంది. ఏ ఆక్సీకరణీ నీటిని ఆ గీత లోపలికి తేలేదు.

6. ఎలక్ట్రాన్ మారని చోట మిగిలే లెక్క

ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి రావడంలో కూడా ఎలక్ట్రాన్ల మార్పిడి లేదు. కనిగిరి ప్రాంతపు గ్రానైట్ శిలల్లో ఫ్లోరైట్ ఖనిజం ఉంది. బైకార్బనేట్ అధికంగా ఉన్న నీటిలో ఫ్లోరైట్ కరిగే చర్యను ఇలా రాయవచ్చు:

కాల్షియం ఫ్లోరైడ్ + 2 బైకార్బనేట్ → కాల్షియం కార్బనేట్ + 2 ఫ్లోరైడ్ + నీరు + కార్బన్ డయాక్సైడ్

ఇందులో ఏ మూలకం ఆక్సీకరణ సంఖ్యా మారలేదు. ఫ్లోరిన్ రాతిలోనూ −1, నీటిలోనూ −1. కనుక దానిని తొలగించే పద్ధతులన్నీ ఎలక్ట్రాన్‌ను ముట్టుకోని పద్ధతులే. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం వేసి ఏర్పడిన మడ్డితో పాటు ఫ్లోరైడ్‌ను దించుతారు. ఉత్తేజిత అల్యూమినా దానిని అధిశోషిస్తుంది. తిరోగామి ద్రవాభిసరణ యంత్రం పొర ద్వారా దానిని వేరుచేస్తుంది.

ఎలక్ట్రాన్ల లెక్క లేకపోయినా పరమాణువుల లెక్క మిగిలే ఉంటుంది. ఉదాహరణకు లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న 100 లీటర్ల నీటిని యంత్రంలోకి పంపామనుకుందాం. లోపలికి వెళ్లినది 300 మిల్లీగ్రాములు. బయటికి 50 లీటర్ల మంచినీరు లీటరుకు 0.3 మిల్లీగ్రాముల చొప్పున వస్తే అందులో 15 మిల్లీగ్రాములు ఉంటాయి. మిగిలిన 285 మిల్లీగ్రాములు వృథాగా పోయే 50 లీటర్లలో, అంటే లీటరుకు 5.7 మిల్లీగ్రాముల చొప్పున ఉంటాయి. ఆ నీటిని బోరు పక్కనే ఇంకనిస్తే తీసిన ఫ్లోరైడ్ మళ్లీ అదే భూమికి చేరుతుంది. నల్గొండ పద్ధతిలో మిగిలే మడ్డికీ, వాడేసిన అల్యూమినాకూ ఇదే వర్తిస్తుంది. సమీకరణం కుడివైపు రాయని పదార్థం లేకుండా పోదు; మనం చూడని చోట ఉంటుంది, అంతే.

7. ముగింపు

అర్ధచర్యల పాఠాన్ని బోధించేటప్పుడు ప్రతి సమీకరణానికీ మూడు ప్రశ్నలను వరుసగా వేయించడం మేలు. పరమాణువులు, ఆవేశాలు సరిపోయాయా? ఏ పదార్థం దేనికి ఎలక్ట్రాన్లు ఇచ్చిందో అర్ధచర్యలుగా విడదీసి చూపగలమా? ఆ అర్ధచర్యల పొటెన్షియళ్లు చర్యను అనుమతిస్తున్నాయా? మొదటి ప్రశ్న దగ్గర ఆగినవారికి పెరాక్సైడ్ సమీకరణాలు నాలుగూ సమానమే. రెండవ దాని దగ్గర ఆగినవారికి ఫ్లోరైడ్‌ను పర్మాంగనేట్ పోగొట్టినట్లే. మూడవ ప్రశ్నకూ 'అవును' అని వచ్చినా ఆ చర్య తగినంత వేగంగా జరుగుతుందన్న హామీ లేదు. అది చర్యావేగ శాస్త్రం తేల్చవలసిన విషయం. 'కాదు' అని వస్తే మాత్రం ఆ దారి మూసుకున్నట్లే.

పరీక్షల్లో అడిగేది ఎక్కువగా మొదటి ప్రశ్ననే. పశ్చిమ ప్రకాశం విద్యార్థికి తన ఇంటి నీటి విషయంలో పనికివచ్చేది మూడవది. బ్లీచింగ్ వేశాం కనుక నీరు బాగైందన్న మాట విన్నప్పుడు, క్రిముల సంగతి వేరు, ఫ్లోరైడ్ సంగతి వేరు అని కారణంతో సహా చెప్పగలిగితే అతనికి అర్ధచర్యల పాఠం అందినట్లు.